కణానికి బ్రేకులున్నాయని ఎలా తెలిసింది? ఒక కంటి జబ్బు చెప్పిన చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో క్యాన్సర్ గురించి మాట్లాడుకుందాం. భయపెట్టడానికి కాదు, వంటింటి చిట్కాలు చెప్పడానికి అసలే కాదు. ఒక చరిత్ర చెబుతాను. చివరిదాకా చదవండి, ఎందుకంటే చివర్లో మీ చేతిలో ఉన్న ఫోన్‌కి సంబంధించిన విషయం ఒకటి ఉంది. అది ఒక చిన్న పిల్ల ప్రాణం కాపాడొచ్చు.

ముందు ఒక చిన్న ప్రశ్న. కూరగాయలు తరుగుతుంటే వేలు తెగింది అనుకోండి. నాలుగు రోజుల్లో కొత్త చర్మం వస్తుంది. అంటే అక్కడి కణాలు ఒకటి రెండై, రెండు నాలుగై ఖాళీని నింపాయి. బాగుంది. మరి గాయం పూడగానే ఎందుకు ఆగిపోయాయి? వేలి మీద చర్మం అలా పెరుగుతూనే ఎందుకు పోలేదు?

మనం ఎప్పుడూ "గాయం ఎలా మానింది" అని అడుగుతాం కానీ, "మానాక ఎలా ఆగింది" అని అడగం. సైంటిస్టులు కూడా చాలాకాలం అడగలేదు. క్యాన్సర్ అంటే ఆగాల్సిన కణం ఆగకపోవడమే కదా. అయినా చాలామంది కణాన్ని తోసేది ఏమిటా అని వెతికారు. ఆపేది ఏమైపోయిందని వెతికినవాళ్లు చాలా తక్కువ. ఈ కథ ఆ కొద్దిమందిది.

సముద్రపు జీవి గుడ్లలో మొదటి ఆనవాలు

మొదటి పేరు థియోడర్ బొవేరి. జర్మనీలోని వూర్జ్‌బర్గ్‌లో ప్రొఫెసర్. ఆయన డాక్టర్ కాదు, జంతుశాస్త్రం మనిషి. ఆయన పని సీ అర్చిన్ అనే సముద్రపు జీవి మీద. ఒళ్లంతా ముళ్లతో బంతిలా ఉంటుంది. ఇటలీలోని నేపుల్స్ సముద్రతీరంలో ఉన్న పరిశోధనా కేంద్రంలో ఆయన వాటి గుడ్లతో ప్రయోగాలు చేశారు. భార్య మార్సెల్లా కూడా జీవశాస్త్రవేత్తే. ఇద్దరూ కలిసి పనిచేసేవాళ్లు.

ఒక గుడ్డులోకి ఒక శుక్రకణం వెళితే అంతా మామూలుగా జరుగుతుంది. ఒకేసారి రెండు వెళ్లేలా చేస్తే? గుడ్డు రెండుగా కాకుండా మూడుగానో నాలుగుగానో చీలేది. అప్పుడు క్రోమోజోములు సరిగ్గా పంచబడవు. ఒక కణానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ. అలాంటి కణాలు వింతగా పెరగడం, చచ్చిపోవడం బొవేరి చూశారు. దాన్నిబట్టి ఒక్కో క్రోమోజోముకి ఒక్కో పని ఉందని, అన్నీ ఒకటి కాదని తేల్చారు.

1914లో ఆయన క్యాన్సర్ గడ్డలు ఎలా పుడతాయన్న దాని మీద ఒక చిన్న పుస్తకం రాశారు. అందులో ఒక ఊహ ఉంది. మామూలు కణంలో విభజనని ఆపి ఉంచే ఏర్పాటు ఏదో ఉండాలి, అది క్రోమోజోముల మీదే ఉండాలి, ఆ ముక్క పోతే కణం ఆగకుండా పెరుగుతుంది అని. చూడండి, అప్పటికి డీఎన్‌ఏ నిర్మాణం తెలియడానికి ఇంకా దాదాపు 40 ఏళ్లు ఉంది. జన్యువు అంటే ఏ పదార్థమో కూడా తెలియదు. ఆయన దగ్గర ఉన్నది ఒక మైక్రోస్కోపు, కొన్ని సముద్రపు గుడ్లు.

మరుసటి ఏడాదే, 1915లో బొవేరి చనిపోయారు. అప్పటికే మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మార్సెల్లా ఆ పుస్తకాన్ని ఇంగ్లిష్‌లోకి తెస్తే అది 1929లో వచ్చింది. అప్పుడు కూడా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

అందరూ యాక్సిలరేటర్ వెంటే

ఎందుకు పట్టించుకోలేదు? ఎందుకంటే అవతలి దారిలో కళ్లకి కనపడే సాక్ష్యం దొరికింది. 1911లో న్యూయార్క్‌లో పేటన్ రౌస్ అనే సైంటిస్ట్ ఒక కోడికి వచ్చిన గడ్డని నూరి, కణాలేవీ మిగలకుండా వడగట్టి, ఆ రసాన్ని వేరే కోడికి ఎక్కించారు. దానికీ గడ్డ వచ్చింది. అంటే ఏదో వైరస్ దాన్ని తెస్తోందన్నమాట. దీనికి ఆయనకి నోబెల్ వచ్చింది, కానీ ఎప్పుడో తెలుసా? 1966లో. 55 ఏళ్ల తర్వాత!

1976లో మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్ అనే ఇద్దరి బృందం ఇంకో అడుగు వేసింది. ఆ కోడి వైరస్‌లో క్యాన్సర్ తెచ్చే జన్యువు అసలు వైరస్‌ది కాదు, కోడి కణంలోని మామూలు జన్యువునే వైరస్ ఎత్తుకుపోయింది అని చూపించారు. మన కణాల్లో కూడా అలాంటివి ఉన్నాయి. కణాన్ని "విభజించు" అని తోసే జన్యువులవి. పాడైతే ఎప్పుడూ తోస్తూనే ఉంటాయి. యాక్సిలరేటర్ ఇరుక్కుపోయిన బండి లాగా. ఇది గొప్ప విషయమే. వీళ్లకి 1989లో నోబెల్ వచ్చింది.

కానీ ఒక చిక్కు ఉంది. ఉన్నదాన్ని చూపించడం సులువు. ఇదిగో జన్యువు, మంచి కణంలో పెట్టాను, క్యాన్సర్‌లా మారింది అని చూపించొచ్చు. లేనిదాన్ని ఎలా చూపిస్తారు? గదిలో నుంచి ఒక వస్తువు పోయింది, అది ఏమిటో తెలియదు, ఎలా ఉంటుందో తెలియదు. దాన్ని వెతకమంటే ఎక్కడ మొదలుపెడతారు?

రెండు కణాల్ని కలిపేస్తే

ఇక్కడ ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసే హెన్రీ హారిస్ ఒక చాలా సాదా ప్రశ్న వేశారు. క్యాన్సర్ కణాన్నీ మామూలు కణాన్నీ కలిపి ఒకటి చేస్తే ఏమవుతుంది? క్యాన్సర్ గెలుస్తుందా, మామూలుతనం గెలుస్తుందా?

చంపేసిన ఒక వైరస్‌ని జిగురులా వాడి రెండు కణాల్ని కలపడం అప్పటికే వచ్చు. స్టాక్‌హోమ్‌లో జార్జ్ క్లైన్ బృందంతో కలిసి ఎలుక కణాలతో ఈ పని చేశారు. 1969లో ఫలితం ప్రచురించారు. అందరూ అనుకున్నది క్యాన్సరే గెలుస్తుందని. యాక్సిలరేటర్ ఇరుక్కుంటే పక్కన మంచి ఇంజిన్ ఉన్నా బండి పరుగెడుతుంది కదా. కానీ జరిగింది రివర్స్. కలిసిన కణాల్ని ఎలుకలకి ఎక్కిస్తే గడ్డ రాలేదు. మామూలు కణం తెచ్చినదేదో క్యాన్సర్ కణాన్ని ఆపేసింది.

ఇంకా గట్టి ఆధారం ఏమిటంటే, ఈ కలిసిన కణాలు పెరిగే కొద్దీ మధ్యలో కొన్ని క్రోమోజోములు పోగొట్టుకుంటాయి. మామూలు కణం నుంచి వచ్చిన కొన్ని క్రోమోజోములు పోగానే మళ్లీ క్యాన్సర్ గుణం తిరిగొచ్చేది. అంటే ఆపేది ఏదో ఆ క్రోమోజోముల మీద ఉంది. బొవేరి 1914లో ఊహించినదే. మధ్యలో 55 ఏళ్లు గడిచాయి.

సరే, బ్రేకు ఉందని తేలింది. ఏ బ్రేకు? ఎక్కడ? దానికి జవాబు ల్యాబ్‌లో దొరకలేదు. పసిపిల్లల కళ్లలో దొరికింది.

రెండేళ్ల పిల్లలకి వచ్చే క్యాన్సర్

రెటీనోబ్లాస్టోమా అని ఒక కంటి క్యాన్సర్. కంటి వెనకాల, బొమ్మ పడే రెటీనా పొరలో వస్తుంది. దాదాపు అన్నీ ఐదేళ్ల లోపు పిల్లల్లోనే. పుట్టిన ప్రతి 15 నుంచి 20 వేల మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. 1809లో స్కాట్లాండ్ సర్జన్ జేమ్స్ వార్డ్‌రాప్ ఇది ప్రత్యేకమైన జబ్బని వివరించి రాశారు. త్వరగా కన్ను తీసేస్తే బిడ్డ బతుకుతుందని కూడా చెప్పారు. మత్తుమందు లేని కాలం అది. ఊహించండి.

దాదాపు అప్పటిదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతికేవాళ్లు కాదు. అందుకే ఇది వంశంలో వస్తుందా లేదా అన్నది ఎవరికీ తెలియదు. పెరిగి పెళ్లి చేసుకుంటే కదా తెలిసేది! 1872లో బ్రెజిల్ కంటి డాక్టర్ హిలారియో దె గొవేయా ఒక బాబు కన్ను తీసి ప్రాణం కాపాడారు. ఆ బాబు పెద్దవాడయ్యాడు, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఇద్దరు కూతుళ్లకి అదే జబ్బు వచ్చింది. ప్రాణం కాపాడిన వైద్యమే, ఇది తల్లిదండ్రుల నుంచి కూడా వస్తుందని బయటపెట్టింది.

కానీ అందరికీ వంశంలో రాదు. చాలామంది పిల్లల ఇళ్లల్లో అంతకుముందు ఎవరికీ ఉండదు. కొందరికి రెండు కళ్లలోనూ, చాలా గడ్డలు, చాలా చిన్న వయసులో. మిగతావాళ్లకి ఒకే కన్ను, ఒకే గడ్డ, కాస్త పెద్ద వయసులో. ఒకే జబ్బు రెండు రకాలుగా ఎందుకుంది?

ఈ ప్రశ్నకి జవాబు చెప్పింది ఆల్ఫ్రెడ్ నడ్‌సన్. పిల్లల డాక్టర్, జన్యుశాస్త్రం చదివినవాడు. అమెరికాలోని హ్యూస్టన్‌లో ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ ఆస్పత్రిలో ఉండేవారు. ఆయన కొత్తగా ఏ ప్రయోగమూ చెయ్యలేదు. 48 మంది పిల్లల రికార్డులు తీసుకుని, ఎవరికి ఏ వయసులో జబ్బు బయటపడిందో గ్రాఫ్ గీశారు. అంతే. ఆ పేపర్ 1971లో వచ్చింది.

గ్రాఫ్ ఏం చెప్పింది? రెండు కళ్లలో వచ్చిన పిల్లలకి గీత నేరుగా వచ్చింది. ఒకే ఒక్క దెబ్బ పడితే చాలు జబ్బు వచ్చేటప్పుడు అలా వస్తుంది. ఒకే కంట్లో వచ్చిన పిల్లలకి గీత మొదట్లో వంగి, తర్వాత దిగింది. రెండు దెబ్బలు పడాల్సి వస్తే అలా వస్తుంది.

దీన్ని బైక్‌తో చెబుతాను. మీ బైక్‌కి ముందొక బ్రేకు, వెనకొక బ్రేకు. ఒకటి పోయినా రెండోదానితో ఆపుకోవచ్చు. రెండూ పోతేనే ప్రమాదం. కణంలో కూడా అంతే. ఈ బ్రేకు జన్యువు ప్రతి కణంలో రెండు కాపీలుంటుంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మామూలు బిడ్డకి రెండూ బాగుంటాయి. ఒకే కణంలో రెండూ పాడవడం చాలా అరుదు. ఎప్పుడో ఒక కణంలో జరుగుతుంది. అందుకే ఒకే కన్ను, ఒకే గడ్డ, కాస్త ఆలస్యంగా.

కొంతమంది పిల్లలకి ఒక కాపీ పుట్టుకతోనే పాడై ఉంటుంది. షోరూమ్ నుంచే ఒక్క బ్రేకుతో వచ్చిన బండి. ఒంట్లో ప్రతి కణమూ అలాంటిదే. లెక్క కోసం ఒక అంకె అనుకుందాం. ఒక కాపీ పాడయ్యే అవకాశం పది లక్షల్లో ఒకటి అనుకోండి. పెరిగే రెటీనాలో కణాలు లక్షల్లో ఉంటాయి. కాబట్టి ఎక్కడో ఒక కణంలో రెండో బ్రేకు పోవడం దాదాపు ఖాయం. కొన్నిసార్లు రెండు, మూడు చోట్ల. అందుకే రెండు కళ్లు, చాలా గడ్డలు, తొందరగా. అదే మామూలు బిడ్డలో ఒకే కణంలో రెండూ పోవాలంటే పది లక్షల్ని పది లక్షలతో హెచ్చించాలి. ఎంత తేడానో చూడండి.

దీన్నే "రెండు దెబ్బల సిద్ధాంతం" అంటారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. కోట్ల రూపాయల మెషీన్ లేదు. ఒక డాక్టర్, పాత కేసు షీట్లు, ఒక గ్రాఫ్ పేపర్. లేని వస్తువుని ఆయన లెక్కతో చూశారు.

జన్యువు చేతికి చిక్కింది

తర్వాత పని వేగంగా జరిగింది. ఈ జబ్బున్న కొందరు పిల్లల్లో 13వ క్రోమోజోములో ఒక చిన్న ముక్క లేదని తెలిసింది. 1983లో వెబ్‌స్టర్ కేవనీ, మరికొందరు కలిసి, గడ్డ కణాల్లో రెండో మంచి కాపీ కూడా పోయిందని చూపించారు. నడ్‌సన్ చెప్పిన రెండో దెబ్బ కళ్లకి కనపడింది.

1986లో బోస్టన్‌లో కంటి డాక్టర్ థాడియస్ డ్రైజా, రాబర్ట్ వైన్‌బర్గ్ ల్యాబ్‌లో పనిచేస్తున్న స్టీఫెన్ ఫ్రెండ్ కలిసి ఆ జన్యువుని పట్టుకున్నారు. ఆ జబ్బు పేరు మీదే దానికి ఆర్‌బీ అని పేరు. మనుషులు పట్టుకున్న మొదటి బ్రేకు జన్యువు ఇదే. ఇది తయారుచేసే ప్రోటీన్‌లో 928 అమైనో ఆమ్లాలు ఉంటాయి. చిత్రమేమిటంటే, ఇది కంటికి మాత్రమే సంబంధించింది కాదు. ఒంట్లో దాదాపు అన్ని కణాల్లోనూ ఉంది. ఊపిరితిత్తుల్లో, ఎముకల్లో వచ్చే కొన్ని క్యాన్సర్లలో కూడా ఇదే పోయి ఉంటుంది.

ఆర్‌బీ ప్రోటీన్ చేసే పని ఇది. కణం విభజించాలంటే ముందు తన డీఎన్‌ఏకి కాపీ తియ్యాలి. కాపీ తీసే సరంజామాని ఆన్ చేసే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి, వాటిని ఈ2ఎఫ్ అంటారు. ఆర్‌బీ వెళ్లి ఈ2ఎఫ్‌ని గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. అది కదలదు, కణం ముందుకి పోదు. గాయం అయినప్పుడు బయటినుంచి "కావాలి, పెరగండి" అని కబురు వస్తుంది. అప్పుడు ఆర్‌బీ మీద ఫాస్ఫేట్ ముక్కలు అతుక్కుంటాయి. దాంతో పట్టు సడలి ఈ2ఎఫ్‌ని వదిలేస్తుంది. పని అయ్యాక ఆ ముక్కలు పోతాయి, ఆర్‌బీ మళ్లీ పట్టుకుంటుంది. వేలి గాయం పూడగానే చర్మం ఆగిపోవడంలో ఇలాంటి ప్రోటీన్లకే పెద్ద పాత్ర.

మరి ఆ ఫాస్ఫేట్ ముక్కలు అతికించేది ఎవరు? ఇది ఇంకో దారిలో వచ్చిన కథ. 1970ల మొదట్లో అమెరికాలోని సియాటిల్‌లో లీలాండ్ హార్ట్‌వెల్ బ్రెడ్డు పొంగడానికి వాడే ఈస్ట్ మీద పనిచేసి, విభజనని నడిపించే జన్యువుల జాబితా తయారుచేశారు. బ్రిటన్‌లో పాల్ నర్స్ ఇంకో రకం ఈస్ట్‌లో ముఖ్యమైన ఒక జన్యువు పట్టుకుని, 1987లో అలాంటిదే మనిషిలో కూడా ఉందని చూపించారు. ఈస్ట్‌లో అది చెడిపోతే, దాని స్థానంలో మనిషి జన్యువు పెడితే ఈస్ట్ హాయిగా బతికింది! 1982లో టిమ్ హంట్ సీ అర్చిన్ గుడ్లలో, అవును, బొవేరి వాడిన ఆ ముళ్ల జీవే, ప్రతి విభజనకి ముందు పోగై, అవగానే మాయమయ్యే ఒక ప్రోటీన్ చూశారు. దానికి సైక్లిన్ అని పేరు. ఈ ముగ్గురికీ 2001లో కలిపి నోబెల్ వచ్చింది. సైక్లిన్లు, వాటితో జతకట్టే సీడీకే అనే ఎంజైములు కలిసే ఆర్‌బీ పట్టు సడలిస్తాయి.

పదేళ్లు తలకిందులుగా చదివిన ప్రోటీన్

రెండో బ్రేకు కథ ఇంకా విచిత్రం. పేరు పీ53. దాని బరువు 53 వేల డాల్టన్లు అన్నట్టు కనపడింది కాబట్టి ఆ పేరు. 1979లో లండన్‌లో డేవిడ్ లేన్, ప్రిన్స్‌టన్‌లో ఆర్నాల్డ్ లెవిన్, మరికొన్ని బృందాలు విడివిడిగా దీన్ని కనిపెట్టాయి. క్యాన్సర్ తెచ్చే ఒక కోతి వైరస్ ప్రోటీన్ దీనికి అతుక్కుని కనపడింది. గడ్డ కణాల్లో ఇది బోలెడు ఉంది. ఈ జన్యువుని వేరే కణాల్లో పెడితే క్యాన్సర్‌కి సాయం చేసింది. కాబట్టి ఇది యాక్సిలరేటరే అని అందరూ రాసేశారు.

పదేళ్లు అలాగే సాగింది. 1989లో బాల్టిమోర్‌లో బర్ట్ వోగెల్‌స్టీన్ బృందం పెద్దపేగు క్యాన్సర్లు చూస్తూ, వాటిలో 17వ క్రోమోజోములో పీ53 ఒక కాపీ పోయి, మిగిలిన కాపీ కూడా చెడిపోయి ఉందని గమనించింది. అదే ఏడాది లెవిన్ ల్యాబ్ బాగున్న పీ53ని కణాల్లో పెట్టి చూస్తే, క్యాన్సర్ పెరగలేదు, ఆగింది. అప్పుడు అసలు సంగతి తెలిసింది. అన్నాళ్లూ ల్యాబుల్లో వాడిన జన్యువు గడ్డ కణాల నుంచి తీసిందే, అది అప్పటికే చెడిపోయింది! విరిగిన బ్రేకుని పట్టుకుని, ఇదిగో యాక్సిలరేటర్ అని పదేళ్లు చదివారన్నమాట.

పీ53 చేసే పని చాలా ముఖ్యం. ఎండ వల్లో, పొగాకు వల్లో, ఇంకేదైనా కారణంతోనో డీఎన్‌ఏకి దెబ్బ తగిలితే కణంలో పీ53 పెరుగుతుంది. అది పీ21 అనే ఇంకో ప్రోటీన్‌ని పిలుస్తుంది. పీ21 వెళ్లి ఆ సైక్లిన్ ఎంజైముల్ని ఆపేస్తుంది. దాంతో ఆర్‌బీ పట్టు సడలదు, కణం ఆగుతుంది, రిపేరుకి టైమ్ దొరుకుతుంది. రిపేరు కాని దెబ్బైతే కణాన్నే చచ్చిపొమ్మంటుంది పీ53. ఒక్క కణం పోతే ఒంటికి నష్టం లేదు. ఆ కణం విభజించుకుంటూ పోతే నష్టం. మనుషుల్లో వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో పీ53 చెడిపోయి ఉంటుంది.

వైరస్ కూడా బ్రేకు మీదే చెయ్యి వేస్తుంది

మొదట్లో వైరస్ దారి వేరు, బ్రేకు దారి వేరు అన్నాను కదా. ఆ రెండూ ఇక్కడ కలిశాయి. ఆడవాళ్లకి వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో హెచ్‌పీవీ వైరస్ ఉందని 1980ల్లో జర్మనీలో హెరాల్డ్ జుర్ హౌసెన్ చూపించారు. 2008లో ఆయనకి నోబెల్. ఆ వైరస్ ఏం చేస్తుందో తర్వాత తెలిసింది. దాని ఈ7 అనే ప్రోటీన్ ఆర్‌బీకి అతుక్కుని పనిచెయ్యనివ్వదు. ఈ6 అనే ప్రోటీన్ పీ53ని నాశనం చేయిస్తుంది. వైరస్‌కి తన కాపీలు తీసుకోవాలంటే కణం విభజన మూడ్‌లో ఉండాలి. అందుకని రెండు బ్రేకుల్నీ పట్టేసుకుంది.

1951లో బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ గడ్డ నుంచి, ఆమెని అడగకుండా తీసిన కణాలు ఈరోజుకీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతున్నాయి. వాటినే హీలా కణాలు అంటారు. వాటిలో ఉన్నది ఈ వైరసే. సైంటిస్టులు ఆ కణాల్లో ఈ6, ఈ7 రెండింటినీ ఆఫ్ చేసి చూశారు. దశాబ్దాలుగా ఆగకుండా పెరిగిన కణాలు పెరగడం మానేశాయి. ఆర్‌బీ, పీ53 అన్నాళ్లూ లోపలే ఉన్నాయి, చెయ్యి తియ్యగానే పనిలోకి దిగాయి. నాకు ఈ ప్రయోగం గురించి చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

అందుకే హెచ్‌పీవీ వ్యాక్సిన్‌కి అంత ప్రాధాన్యం. అది బ్రేకు పాడవ్వకముందే వైరస్‌ని అడ్డుకుంటుంది. 9 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో తయారైనది కూడా 2023లో వచ్చింది. ఇంట్లో చెల్లెళ్లు ఉంటే డాక్టర్‌తో మాట్లాడండి.

భీమవరం నుంచి ఒక పేరు

ఇక్కడ మన మనిషి ఒకరు గుర్తుకు రావాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ మందుతోనే 1947, 48లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకి మొదటిసారి కొంతకాలం ఉపశమనం తెప్పించారు. దాని తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్ ఈరోజుకీ వాడుతున్నారు. ఆ మందు డీఎన్‌ఏ తయారీకి కావాల్సిన ముడిసరుకు అందకుండా చేస్తుంది. బ్రేకు లేని బండిని పెట్రోల్ ఆపేసి నిలబెట్టడం లాంటిది. పనిచేస్తుంది. కానీ అలాంటి మందులకి మంచి కణాలు కూడా దెబ్బతింటాయి. నోట్లో పుళ్లు, జుట్టు రాలడం అందుకే.

బ్రేకు ఎలా పనిచేస్తుందో తెలిశాక ఇంకో దారి తెరుచుకుంది. 2015లో అమెరికాలో పాల్బోసిక్లిబ్ అనే మందుకి అనుమతి వచ్చింది. కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లకి వాడతారు. ఇది ఆర్‌బీ పట్టు సడలించే ఆ ఎంజైముల్ని ఆపుతుంది. అంటే కణంలో ఉన్న సొంత బ్రేకునే మళ్లీ పట్టేలా చేస్తుంది. ఇది అన్ని క్యాన్సర్లకీ మందు కాదు, దీనికీ సైడ్ ఎఫెక్టులు ఉన్నాయి. గడ్డలో ఆర్‌బీయే లేకపోతే ఇది పనిచెయ్యదు. కానీ ఈస్ట్‌లో, సీ అర్చిన్ గుడ్లలో, పసిపిల్లల కళ్లలో వెతికింది చివరికి ఒక మాత్రగా మారింది.

ఇక మీ ఫోన్ సంగతి

చివర్లో చెబుతానన్నాను కదా. ఫ్లాష్ వేసి ఫొటో తీస్తే కంటిపాప ఎర్రగా పడుతుంది, అది మామూలే. కంటి వెనకాల రక్తనాళాల రంగు అది. అక్కడ గడ్డ ఉంటే కంటిపాప తెల్లగా, చీకట్లో పిల్లి కన్ను మెరిసినట్టు పడొచ్చు. చాలామంది పిల్లల్లో ఈ జబ్బు మొదట కనపడేది అలాగే. అది కూడా డాక్టర్‌కి కాదు, ఇంట్లోవాళ్లకి.

అమెరికాలో బ్రయాన్ షా అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ కొడుక్కి ఈ జబ్బు వచ్చింది. తర్వాత ఆయన బాబు పాత ఫొటోలు వేలల్లో తిరగేశారు. తెల్ల మెరుపు బాబు పుట్టిన 12వ రోజు ఫొటోలోనే ఉంది! అందరూ చూశారు, ఎవరికీ తెలియలేదు. ఆయన అలాంటి మెరుపుని వెతికే ఫోన్ యాప్ కూడా తయారుచేశారు.

ప్రతి తెల్ల మెరుపూ క్యాన్సర్ కాదు. లైటు పడిన కోణం వల్ల రావచ్చు, శుక్లం వల్ల రావచ్చు. కానీ ఒకే కంట్లో మళ్లీ మళ్లీ కనపడినా, పాపకి మెల్లకన్ను ఉన్నా ఆలస్యం చెయ్యకుండా కంటి డాక్టర్‌కి చూపించాలి. యాప్‌ని నమ్ముకుని ఊరుకోకూడదు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి లాంటి చోట్ల దీనికి ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. త్వరగా వైద్యం అందే దేశాల్లో 95 శాతం కన్నా ఎక్కువమంది పిల్లలు బతుకుతున్నారు. ఆలస్యంగా వచ్చేచోటే ప్రాణాలు పోతున్నాయి.

ఇంకో మాట. మన దగ్గర బిడ్డకి ఇలాంటి జబ్బొస్తే మొదట తల్లిని అంటారు. గ్రహణం రోజు ఏదో కోసిందని, కడుపుతో ఉన్నప్పుడు ఏదో తిన్నదని. నడ్‌సన్ లెక్క చెప్పింది ఏమిటి? ఎక్కువమంది పిల్లల్లో రెండు దెబ్బలూ పుట్టుకతో వచ్చినవి కావు, రెటీనాలో ఎక్కడో ఒక కణంలో జరిగిన కాపీ పొరపాట్లు. పుట్టుకతో ఒక కాపీ పాడైన పిల్లల్లో కూడా చాలామందికి అది కొత్తగా వచ్చిందే, అమ్మకీ లేదు, నాన్నకీ లేదు. ఒకవేళ వాళ్ల నుంచి వచ్చినా, అది ఎవరూ కావాలని ఇచ్చింది కాదు. జన్యు పరీక్ష చేయించుకుంటే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఎంత ప్రమాదమో తెలుస్తుంది, పుట్టగానే కళ్లు చూపించుకోవచ్చు. ఆ ఇంట్లో కావాల్సింది ఈ పరీక్ష. నింద కాదు.

ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లు ఈ ఒక్క విషయం ఫ్యామిలీ గ్రూపులో చెప్పండి. మీ ప్రశ్నలు పంపించండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.